పన్నెండు మిల్లీమీటర్లు

బస్సు దిగాక మా బడికి కిలోమీటరు కంకర బాట. ఒక వర్షాకాలం ఆ బాట మీదే నా ఎడమ పాదం లోపలికి మడతపడింది. చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు. అత్తయ్య చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేశారు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. బెణుకే కదా అనుకుని వారానికే బడికి వెళ్లిపోయాను.

ఆ తొందరకు మూడేళ్లు బాధపడ్డాను. మెట్లు దిగుతున్నా, నోటు పుస్తకాలు మోసుకుంటూ వరండాలో నడుస్తున్నా ఉన్నట్టుండి కాలు పక్కకు ఒరిగిపోయేది. నొప్పి రెండు రోజుల్లో పోయేది, భయం మాత్రం పోయేది కాదు. పిల్లలతో ఆటలు మానేశాను.

చివరికి ఎముకల వైద్యుడు మడమ పట్టుకుని ముందుకు లాగి చూశారు. కుడి పాదం కదల్లేదు, ఎడమది జారినట్టు ముందుకొచ్చింది. ఎమ్మారైలో నల్లగా, బిగుతుగా కనిపించాల్సిన ముందువైపు లిగమెంటు, అంటే ఎముకను ఎముకతో కలిపి పట్టి ఉంచే పట్టీ, సాగి, వంకర తిరిగి ఉంది. ఎముకకు అది అతుక్కునే చోటు మసకబారింది. అందుకని ఆ చోటు ఎక్కడుండాలో చూడటానికి బాగున్న కుడి కాలికి అల్ట్రాసౌండు చేశారు. "టీచరుగారూ, బయటి గుబ్బ ఎముక కొన మీద వేలు పెట్టండి" అన్నారు. తెర మీద ఆ కొన దగ్గర ఒక చుక్క పెట్టారు. ఎముక ముందు అంచు వెంట పైకి వెళ్లి, లిగమెంటు మొదలు నడిమధ్య ఇంకో చుక్క. మధ్యలో గీత గీస్తే 12 మిల్లీమీటర్లు.

అంత చిన్న కొలత ఎందుకని అడిగాను. ఆపరేషన్‌లో లిగమెంటును దాని సొంత చోటునే బిగించాలట. చోటు తప్పితే పాదం బిగుసుకుపోవచ్చు, లేదా మళ్లీ వదులు కావచ్చు. ఆ చోటు మనిషి మనిషికీ కొంత మారుతుంది. మడమ ఎముకకు వెళ్లే రెండో లిగమెంటు కూడా ఆ పక్కనే, కాస్త కిందనే మొదలవుతుంది. "ఇది దారి చూపే కొలత మాత్రమే. తెరిచాక కంటితో, వేలితో సరిచూసుకుంటాను" అన్నారు. నాకు ధైర్యం ఇచ్చింది ఆ మాటే.

1966లో స్వీడన్ వైద్యుడు బ్రోస్ట్రోమ్ వివరించిన పద్ధతిలో, సాగిన లిగమెంటును కుదించి ఎముకకు కుట్టారు. రెండు వారాలు కాలు నేల మోపలేదు. తర్వాత నాలుగు వారాలు చీలమండను కదలకుండా పట్టి ఉంచే బూటు.

అసలు కష్టం ఆ తర్వాతే. లిగమెంటు బిగిసినా, ఒరుగుతున్న పాదాన్ని సర్దుకోవడం కాలు మరిచిపోయింది. ఒంటికాలి మీద నిలబడమని ఫిజియోథెరపిస్టు చెబితే, మొదటిరోజు నాలుగు సెకన్లే నిలిచాను. పాదం కింద కండరాలన్నీ వణికాయి. రోజూ పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, గట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిలబడేదాన్ని. మూడో నెలకు ఆ వేళ్లు కూడా తీసేసి, పాలు పొంగేదాకా ఎడమ కాలి మీదే ఉన్నాను.

ఐదో నెలలో బస్సు దిగి, పుస్తకాల సంచి భుజాన వేసుకుని, కంకర మీద ఎడమ పాదమే ముందు పెట్టాను.