నాయన మొదటి మాత్ర

మా నాయనకి మూత్రంలో రక్తం పడుతోందని ఇంట్లో తెలిసేసరికే మూడు నెలలైపోయింది. నొప్పి లేదు, మంట లేదు. ఎండాకాలం కదా, వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాడు, బార్లీ నీళ్ళు తాగాడు. రెండ్రోజులు ఆగి మళ్ళీ వచ్చేది. దగ్గర్లో ఉన్న క్లినిక్కుకి పోతే యూరిన్ ఇన్ఫెక్షన్ అని మాత్రలిచ్చారు. ఒక కోర్సు, ఇంకో కోర్సు, మూడో కోర్సు. ఒక్కసారి కూడా కడుపు స్కాన్ రాయలేదు. 67 ఏళ్ళ మనిషికి నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే స్కాన్ తీయకుండా వదలకూడదని నాకిప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు. మీ ఇంట్లో ఎవరికైనా అలా ఉంటే దయచేసి వేడి అనుకుని ఊరుకోవద్దు.

చివరికి చిత్తూరులో అల్ట్రాసౌండ్ తీయించాం. అంతదాకా నాయనతో మామిడి ధర గురించి మాట్లాడుతున్న, స్కాన్ తీసే ఆమె, స్క్రీన్ చూస్తూ చూస్తూ మాట ఆపేసింది. ఎడమ కిడ్నీలో 9 సెంటీమీటర్ల గడ్డ. తర్వాత తీసిన సీటీలో రెండు ఊపిరితిత్తుల్లోనూ చిన్న చిన్న గడ్డలు. శీతాకాలం నుంచి వదలని దగ్గు ఎందుకో అప్పుడు అర్థమైంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆ రోజు నుంచి పదకొండు రోజులు మేం నాయనకి క్యాన్సర్ అన్న నిజం చెప్పలేదు. కిడ్నీలో రాయి అన్నాం. తమ్ముడు బెంగళూరు నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే మాట, "చెప్తే కుంగిపోతాడక్కా, వద్దు" అని. నేనూ సరేనన్నాను. అమ్మ మాత్రం ఆ పదకొండు రోజులూ కాణిపాకం రానంది. బాహుదా నది ఒడ్డున ఉన్న ఆ గుడిలో దేవుడి ముందు ప్రమాణం చేసి అబద్ధమాడితే మంచిది కాదని మా వైపు అందరి నమ్మకం. "ఇంట్లో మనిషితో రోజూ అబద్ధం చెప్తా, ఆయప్ప ముందర ఏం మొహం పెట్టుకుని నిలబడేది?" అంది.

ఆ రోజుల్లోనే అసలు టెన్షనంతా. తిరుపతిలో ఒక సర్జన్ వచ్చే వారమే కిడ్నీ తీసేద్దామన్నాడు. మా మామ కూడా అదే. "గడ్డని లోపల పెట్టుకుని మందులేంది? ముందు కోసి పారెయ్యమను" అన్నాడు. నాకూ అదే సబబు అనిపించింది. కళ్ళెదుట శత్రువు కనపడుతుంటే ముందు దాన్ని తీసెయ్యాలనే కదా ఎవరికైనా అనిపిస్తుంది. మా చిత్తూరు వాళ్ళకి ఏ పెద్ద జబ్బొచ్చినా వెల్లూరు వెళ్ళడం అలవాటు. సంతకం పెట్టే ముందు అక్కడ ఇంకో మాట విందామని బస్సెక్కాం.

అక్కడ మమ్మల్ని చూసిన డాక్టరు ముందు బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష, చేయించారు. రిపోర్టులో క్లియర్ సెల్ రకం అని వచ్చింది, కిడ్నీ క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనపడేది ఇదేనట. మనం సినిమాల్లో చూసే మామూలు కీమోకి ఇది లొంగదని చెప్పారు. తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని ఆరు గీతలు గీశారు. మనిషి తన పనులు తాను చేసుకుంటున్నాడా, జబ్బు బయటపడిన ఏడాది లోపే మందు మొదలుపెట్టాల్సి వస్తోందా, హిమోగ్లోబిన్ తక్కువుందా, కాల్షియం ఎక్కువుందా, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఎక్కువున్నాయా, ప్లేట్‌లెట్లు ఎక్కువున్నాయా. ఒక్కటీ లేకపోతే తక్కువ ప్రమాదం, ఒకటి రెండు ఉంటే మధ్యస్థం, మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే ఎక్కువ. నాయనకి రెండు టిక్కులు పడ్డాయి. హిమోగ్లోబిన్ 9.8. బయటపడేటప్పటికే జబ్బు పాకి ఉంది, మందు వెంటనే కావాలి, కాబట్టి ఏడాది లెక్కలో రెండోది. ఆ కాగితం ఇప్పటికీ నా బ్యాగులోనే ఉంది.

ఆపరేషన్ సంగతి అడిగాను. ఫ్రాన్స్ డాక్టర్లు నడిపిన, 2018లో ఫలితాలు బయటికొచ్చిన కార్మెనా అనే పరిశోధన గురించి చెప్పారు. నాయనలాగా మధ్యస్థంగానో ఎక్కువ ప్రమాదంలోనో ఉన్న 450 మందిలో, కిడ్నీ తీసి తర్వాత సునిటినిబ్ మాత్ర ఇచ్చినవాళ్ళూ, కిడ్నీ తీయకుండా ఆ మాత్రే ఇచ్చినవాళ్ళూ రెండు జట్లు. తీయనివాళ్ళు ఏ విధంగానూ వెనకబడలేదు. "కోస్తే గాయం మానాలి, రక్తం పట్టాలి, అందాకా మందు ఆగాలి. ఊపిరితిత్తుల్లో ఉన్నది అప్పటిదాకా ఆగుతుందా?" అని అడిగారాయన. నాకు జవాబు లేదు. అయితే కొందరికి ముందే తీయడం మంచిదేనని కూడా చెప్పారు. ఎక్కడో ఒకటి రెండు చోట్లే పాకి, ఒంట్లో బలం ఉన్నవాళ్ళ సంగతి వేరట.

ఇక మందు. ఇక్కడే మా ఇల్లు రెండుగా చీలింది. ఒకటి ఇమ్యునోథెరపీ. అంటే మన రోగనిరోధక శక్తికి పడిన బ్రేకు తీసే ఇంజెక్షన్లు. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ రెండూ కలిపి ఇస్తారు, లేకపోతే పెంబ్రోలిజుమాబ్‌కి యాక్సిటినిబ్ మాత్ర జత చేస్తారు. రెండో దారి, ఇంజెక్షన్ లేకుండా మాత్ర ఒక్కటే. గడ్డకి రక్తం తెచ్చే కొత్త నాళాలు పెరగకుండా అది అడ్డుకుంటుంది. డాక్టరు దాచకుండా చెప్పారు. "డబ్బు మాట పక్కన పెడితే ఇంజెక్షన్ కలిసిన వైద్యమే నేను ముందు చెప్తానమ్మా. కొందరిలో అది జబ్బుని ఏళ్ళ తరబడి అణిచిపెడుతుంది. ఎవరిలో పెడుతుందో ముందే చెప్పే పరీక్ష మాత్రం లేదు." ఒక్కో విడతకే లక్షల్లో అవుతుందన్నారు. మాకు అంత ఇన్సూరెన్స్ లేదు. ఆ మాట విన్న రాత్రి నేను నిద్రపోలేదు. ఉందని తెలిసీ అందుకోలేకపోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

తమ్ముడు ఒకే పట్టు. తోట అమ్మేద్దాం, ఇంకా కావాలంటే నేను లోను పెడతాను అని. తోటంటే రెండెకరాల తోతాపురి మామిడి. మా తాత నాటిన చెట్లు.

రెండోసారి వెల్లూరు నుంచి వస్తున్నాం. గుడిపాల దాటాక బస్సులో నాయన కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగాడు.

"పాపా, ఆ వరండాలో కూర్చోనుండే వాళ్ళలో సగం మందికి వెంట్రుకల్లేవు. కిడ్నీలో రాయికి వెంట్రుకలు ఊడిపోతాయా?"

నాకు గొంతు పెగల్లేదు. ఆయనే నా చెయ్యి పట్టుకున్నాడు. "మొదటి రోజే అనుకున్నాలే. మీరెప్పుడు చెప్తారా అని చూస్తా ఉండా."

ఆ రాత్రి వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి, ఆ ఆరు గీతల కాగితం ముందు పెట్టి అన్నీ చెప్పాను. తమ్ముణ్ణి ఫోన్లో స్పీకర్లో పెట్టాను. నాయన రెండే ప్రశ్నలడిగాడు. మాత్రతో మొదలుపెడితే తర్వాత సూది వేసుకోవడానికి దారి ఉంటుందా? ఉంటుంది, మాత్ర పనిచేయనప్పుడు నివోలుమాబ్ ఇవ్వచ్చని డాక్టరు చెప్పారు. మాత్ర వేసుకుంటా ఆవుల పని చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. "అయితే మాత్రే" అన్నాడు. "తోట నా పేరు మీద ఉందే గాని నాది కాదు, మీ అమ్మది. నేను బతికేదానికి ఆమెను రోడ్డు మీద పెట్టేది నాకొద్దు." తమ్ముడు ఏడ్చాడు. నేను వాదించబోయాను. అమ్మ నా భుజం నొక్కి ఆపింది. మరుసటి మంగళవారం అమ్మ కాణిపాకం వెళ్ళొచ్చింది.

అలా పజోపానిబ్ అనే మాత్ర మొదలైంది, రోజుకి 800 మిల్లీగ్రాములు. ఖాళీ కడుపుతో వేసుకోవాలి, వేసుకున్నాక గంటసేపు ఏమీ తినకూడదు. నాయన దీనికి తనే లెక్క కుదుర్చుకున్నాడు. పాలు పితికి, మాత్ర మింగి, క్యాను సైకిల్‌కి తగిలించుకుని పాల కేంద్రానికి పోతాడు. లీటర్లు, వెన్న శాతం రాయించుకుని తిరిగొచ్చేసరికి గంట దాటుతుంది. అప్పుడు కాఫీ. ఇంకో సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. ఆయన ఏళ్ళుగా పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర ఈ మందుని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదట. డాక్టరు అడగబట్టి బయటపడింది. వేసుకుంటున్న ప్రతి మాత్రా, ఆకుపసరుతో సహా, డాక్టరుకి చూపించండి.

మొదటి నెలలో బీపీ 170కి పోయింది, దానికో మాత్ర. విరేచనాలు. రాగి సంగటి మట్టి తిన్నట్టుందని ముద్ద పక్కకి తోసేవాడు. జీవితంలో సంగటి వదిలింది అప్పుడే. రెండో నెలలో లివర్ పరీక్షలో ఏఎల్‌టీ, అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగేది, మామూలు కంటే తొమ్మిది రెట్లు వచ్చింది. వెంటనే మందు ఆపేశారు. ఆ మూడు వారాలు నాకు నరకం. స్కూల్లో పాఠం చెప్తూ మధ్యలో ఏ లైన్లో ఉన్నానో మర్చిపోయేదాన్ని. పక్క ఊరి నుంచి మా చిన్నత్త తెచ్చిచ్చిన పొడి ఏదో నాయన తేనెలో కలుపుకుని తింటున్నాడని అప్పుడే తెలిసింది. దానివల్లా, మాత్రవల్లా అన్నది ఎవరూ తేల్చలేదు. పొడి మానేశాడు, లివర్ సర్దుకుంది, 400తో మళ్ళీ మొదలుపెట్టారు. ఎనిమిది వారాలు వారం వారం రక్తపరీక్ష.

ఇంతలో వెంట్రుకలు తెల్లబడడం మొదలైంది. ఈ మందు జుట్టు రంగు తీసేస్తుంది. ముందు కనుబొమలు, తర్వాత మీసం. నాయన మీసం నల్లగా, గట్టిగా ఉండేది. ఒకరోజు అద్దం ముందు నిలబడి మీసం మీద వేలు పెట్టి కుదుళ్ళు చూసుకుంటున్నాడు. చివర నలుపు, మొదట్లో తెలుపు, మధ్యలో కత్తిరించినట్టు గీత. "ఊడలేదు కదా పాపా" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆ ఏడుపు దిగులుతో వచ్చింది కాదు.

మూడో నెల స్కాన్లో కిడ్నీ గడ్డ 9 నుంచి 7కి తగ్గింది. తొమ్మిదో నెలలో 6. ఊపిరితిత్తుల్లో రెండు చుక్కలు కనపడకుండా పోయాయి, మిగతావి సగమయ్యాయి. హిమోగ్లోబిన్ 11.6. దగ్గు లేదు. జబ్బు పోయిందని డాక్టరు అనలేదు, మేమూ అనుకోవడం లేదు. ఏదో ఒకరోజు ఈ మాత్ర పని ఆగిపోవచ్చని మా అందరికీ తెలుసు. తమ్ముడు ఇంజెక్షన్ల కోసం ప్రతి నెలా కొంత విడిగా వేస్తున్నాడు. ఆ సంగతి నాయనకి చెప్పే వేస్తున్నాడు.

పోయిన నెల డాక్టరు కొత్త మాట ఎత్తారు. మందుకి ఇంత బాగా లొంగింది కాబట్టి ఇప్పుడు కిడ్నీ తీయడం గురించి ఆలోచించవచ్చని, సర్జన్లతో కూర్చుని మాట్లాడతామని. నాయన చేతిలో ఉన్న ఫైలు మూసి అడిగాడు.

"జూన్ దాటినాక పెట్టుకోవచ్చునా సార్? కాయ కోసి ఫ్యాక్టరీకి తోలేది ఉండాది."

డాక్టరు క్యాలెండర్ తిప్పి జులై చూశారు.