కౌంట్లు పెరిగేదాకా: చెన్నైలో నా మజ్జ మార్పిడి

మజ్జ మార్పిడి అనగానే నెల్లూరులో మావాళ్లందరూ అడిగింది ఒకటే: "ఆపరేషన్ ఎన్ని గంటలు పడుతుందంట?" కోయడం, కుట్టడం ఏమీ ఉండదు. నాకొచ్చింది మైలోమా, అంటే మజ్జలో మొదలయ్యే ఒకరకం రక్త క్యాన్సర్. దీనికి ఎక్కువగా చేసేది ఆటోలోగస్. మన మూలకణాలనే ముందు తీసి దాచిపెట్టి, పెద్ద డోసు కీమో ఇచ్చాక మళ్లీ మనకే ఎక్కిస్తారు. దాతను వెతుక్కునే పని లేదు.

ముందు గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు చేశారు. పళ్ల డాక్టరు దగ్గరికీ పంపారు. పుచ్చుపన్ను ఉంటే కౌంట్లు, అంటే రక్తకణాల లెక్క, పడిపోయినప్పుడు అక్కడే ఇన్ఫెక్షన్ మొదలవుతుందట. తర్వాత మూలకణాలు మజ్జలోంచి రక్తంలోకి రావడానికి జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు. వాటికి నడుము, తుంటి ఎముకలు లోపల్నించి సలిపేవి. కణాలు తీసేరోజు గంటల తరబడి యంత్రం పక్కన పడుకోవాలి. పెదాల చుట్టూ తిమ్మిరెక్కితే ఓర్చుకోకుండా వెంటనే నర్సుకు చెప్పండి, కాల్షియం ఇస్తారు. కిలో బరువుకు కనీసం 20 లక్షల సీడీ34 కణాలు (మూలకణాలను గుర్తుపట్టే పేరు అది) రావాలి. చాలకపోతే మర్నాడు కూడా తీస్తారు.

గాలిని వడకట్టే హెపా ఫిల్టర్ ఉన్న గదిలో నాతోపాటు ఒక్కరికే అనుమతి. మా వదిన ఉంది. పూలు, పచ్చళ్లు, కోసిపెట్టిన పండ్లు లోపలికి రావు. వేడివేడిగా వండిందే తినాలి. పెద్ద డోసు కీమో మందు మెల్ఫలాన్ ఎక్కించేముందు, ఎక్కించేటప్పుడు, అయిపోయాక కూడా ఐసుముక్కలు చప్పరించాలి. చల్లదనానికి నోట్లో రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడికి తక్కువగా చేరుతుంది, పుళ్లు తగ్గుతాయి. "ఇంకొక్క ముక్క, అమ్మాయ్" అంటూ వదిన వదల్లేదు. పళ్లు జివ్వుమన్నా సరే, ఈ ఒక్క పని మాత్రం మానకండి.

కణాలు ఎక్కించే రోజుని డే జీరో అంటారు. రక్తం ఎక్కించినట్టే, చిన్న సంచీ, కాసేపట్లో అయిపోయింది. నిల్వకు వాడే రసాయనం వల్ల నా ఒళ్లంతా వెల్లుల్లి వాసన. నాకు తెలియలేదు గానీ వదిన ముక్కు మూసుకుంది.

కష్టమంతా ఆ తర్వాతే. తెల్లకణాలు దాదాపు సున్నాకి దిగిపోయాయి. విరేచనాలు, గొంతులో పుళ్లు, ఉమ్మి మింగాలన్నా భయం. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటగానే ఏ క్రిమో తెలుసుకునే కల్చర్‌కు రక్తం తీసి, ఫలితం రాకముందే యాంటీబయాటిక్ పెట్టేశారు. ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్‌లో ఉద్యోగాలు చేసే మన తెలుగు పిల్లలు వచ్చారు. దాతల పేర్లు ముందే రాసి పెట్టుకోండి. ఆ సమయంలో ఫోన్లు చేస్తూ కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు. ప్యాకేజీలో ప్లేట్‌లెట్లు, ఖరీదైన యాంటీబయాటిక్‌లు కలిశాయా లేదా అన్నది కూడా అడ్మిషన్‌కు ముందే అడగాలి.

పొద్దున్నే డాక్టరమ్మ రాగానే నేనడిగేది ఏఎన్‌సీ ఎంత అని. ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్ తెల్లకణాల లెక్క అది. వరసగా మూడు రోజులు 500 దాటితే కణాలు కుదురుకున్నట్టు లెక్క. ఆటోలోగస్‌లో మామూలుగా రెండు వారాలకు అటూ ఇటూగా అవుతుంది. జుట్టు ఆలోపే రాలిపోయింది, దాని గురించి పెద్దగా బాధపడలేదు.

డిశ్చార్జ్ అంటే ఇంటికి కాదు. గ్రీమ్స్ రోడ్డు దగ్గర అద్దెగదిలో ఉండి, రక్తపరీక్షలకు తిరిగాం. నిజం చెప్పాలంటే ఆసుపత్రి గదికన్నా ఇదే కష్టం అనిపించింది. అక్కడ బెల్ కొడితే నర్సు వస్తుంది. ఇక్కడ వంట, మాత్రల లెక్క, థర్మామీటరు, ఆటో బేరం అన్నీ వదినవే. స్నానానికి చెంబు ఎత్తితే ఆయాసం నాది. రాత్రి ఒళ్లు వెచ్చబడితే పారాసిటమాల్ మింగి పడుకోకూడదు, అది జ్వరాన్ని కప్పేస్తుంది. ఏ వేళైనా ముందు ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

వందరోజుల పరీక్ష తర్వాత జబ్బు తిరగబెట్టకుండా అదుపులో ఉంచే మందు లెనాలిడోమైడ్ మొదలుపెట్టారు. చిన్నప్పటి టీకాల రక్షణ కూడా తగ్గిపోతుంది కాబట్టి కొన్ని నెలలాగి మళ్లీ మొదట్నించీ వేస్తారు. తట్టు టీకాలాంటి లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిమితో చేసినవి) మాత్రం రెండేళ్లు దాటేదాకా వేయరు, ఆ తర్వాత కూడా డాక్టరు సరేనంటేనే. పోలియో చుక్కలూ లైవ్ టీకాయే కాబట్టి, ఇంట్లో మనవడికి అవి వేయించేముందు కూడా డాక్టర్లు తమను అడగమన్నారు.