లాంటానా పీకడానికి స్టైపెండ్ ఇచ్చారు: నా ఇంటర్న్‌షిప్ అనుభవం

పర్యావరణ పనుల్లో ఇంటర్న్‌షిప్ అనగానే అందరికీ ముందు వచ్చే సందేహం "డబ్బులిస్తారా?" అని. అడగడానికి మొహమాటపడేదీ దాన్నే. నాకు కనిపించిన ప్రకటనల్లో చాలావరకు "సర్టిఫికెట్ ఇస్తాం, అనుభవం వస్తుంది" బాపతు. వాటి జోలికి పోలేదు. ఎండలో గునపం పట్టే పనికి పైసా ఇవ్వకపోతే, ఇంట్లోవాళ్లు పోషించగలిగినవాళ్లే వస్తారు. వాళ్లు కూడా ఎక్కువ కాలం నిలవరు.

చివరికి ఒకచోట స్టైపెండ్ ఎంతో స్పష్టంగా రాసి ఉంది. పని: లాంటానా ముళ్లపొదల్లాంటి ఆక్రమణ మొక్కల్ని, అంటే బయటి నుంచి వచ్చి ఇక్కడి మొక్కల చోటు కబ్జా చేసేవాటిని, తొలగించి, ఆ నేలలో స్థానిక గడ్డి, చెట్లు మళ్లీ పెంచడం. బోటనీ చదివి ఉంటే మంచిదన్నారు గానీ తప్పనిసరి కాదు. దరఖాస్తులో "ప్రకృతి అంటే ప్రాణం" లాంటి మాట ఒక్కటీ రాయలేదు. ఎంతసేపు నడవగలను, ఎంత బరువు మోయగలను, పువ్వు లేకపోయినా ఆకు చూసి ఏయే మొక్కల్ని గుర్తుపడతాను, జీపీఎస్ వాడటం వచ్చా రాదా, ఇవే రాశాను. పిలుపొచ్చింది.

ఇంటర్వ్యూలో బల్ల మీద కొన్ని కొమ్మలు పెట్టారు. లాంటానాను గుర్తుపట్టడం తేలిక: కాండం పలకలుగా ఉంటుంది, ఆకు గరుకు, నలిపితే ఘాటు వాసన. వయ్యారిభామ లేత మొక్క దగ్గరే తడబాటు వస్తుంది, దాని ఆకు అచ్చం క్యారెట్ ఆకులా ఉంటుంది. తర్వాత ఒక ప్రశ్న: "ఒకసారి శుభ్రం చేసిన చోటికి మళ్లీ ఎప్పుడు వెళ్లాలి?" వానలు పడగానే అన్నాను, మట్టిలో ఉన్న గింజలు మొలిచేది అప్పుడే కాబట్టి. అసలు పరీక్ష ఇదేనని నా అనుమానం.

సంతకం పెట్టేముందు నా ప్రశ్నలు కూడా అడిగాను. బూట్లు, చేతి తొడుగులు ఎవరిస్తారు? దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది? వాన వల్ల పని ఆగిన రోజుకు స్టైపెండ్ కోస్తారా? డబ్బు ఏ తారీఖున వస్తుంది? జవాబులన్నీ కాగితం మీద రాయించుకున్నాను. మొదటి నెల డబ్బు ఆలస్యమైంది. తారీఖు రాసి ఉంది కాబట్టి అడగడానికి మొహమాటపడలేదు. ఉబ్బసం, చర్మ ఎలర్జీ ఉన్నాయా అని వాళ్లూ ఫారంలో అడిగారు. వయ్యారిభామ పుప్పొడికి, ఆకు తగిలినా కొందరికి రెండూ వస్తాయి, అందుకే దాచకూడదు.

ఇక పని. లాంటానాను పైపైన నరికితే మొదలు నుంచి పది కొమ్మలు లేస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం కార్బెట్ పులుల అభయారణ్యంలో వాడిన పద్ధతి మాకు నేర్పించారు. ఒకరు పంగల కర్రతో ముళ్ల కొమ్మల్ని ఎత్తి పట్టుకుంటారు. ఇంకొకరు మొదలు చుట్టూ మట్టి తీసి, నేల మట్టానికి కాస్త కింద తల్లివేరును తెగ్గొడతారు. చిగుళ్లు పుట్టే భాగం పొదతోపాటే బయటికి వస్తుంది. దాన్ని తలకిందులుగా, వేళ్లు ఆకాశానికి ఉండేలా పడేయాలి, లేకపోతే మళ్లీ నేల పట్టేస్తుంది. చెప్పినంత సులువు కాదు. వేరు ఎక్కడ తెగాలో చేతికి అలవాటయ్యేసరికి చాలా రోజులు పట్టింది.

కొట్టేముందు ప్రతి పొదలో గూళ్లు వెతకాలి. ఒకసారి ఆకుల వెనక పిడికెడంత గూడు కనిపించింది, లోపల గుడ్లు. మా పర్యవేక్షకురాలు ఆ కొమ్మకు ఎర్ర రిబ్బన్ కట్టి, "పిల్లలు ఎగిరాక వద్దాం" అని పక్క పొదకు వెళ్లిపోయారు. పిట్టలు ఆ పొదల్నే ఇల్లు చేసుకున్నాయి కాబట్టి అంతా ఒకేసారి చదును చేయడం నాకూ నచ్చదు.

అన్నిటికన్నా విసుగు పుట్టించేది లెక్క. మీటరు చదరపు చట్రం నేల మీద పెట్టి అందులోని మొలకలు ఒక్కొక్కటే ఎంచాలి. మొలకలు ఎక్కువగా పెద్ద చెట్ల కింద కనిపించేవి. లాంటానా పండ్లు తిన్న పిట్టలు ఆ కొమ్మల మీదే వాలి రెట్ట వేస్తాయి. దాంతో తర్వాతి విడత కలుపు తీతను చెట్ల కింద నుంచే మొదలుపెట్టాం. ఖాళీ అయిన నేలలో వెంటనే స్థానిక గడ్డి గింజలు చల్లాం, ఆలస్యం చేస్తే వయ్యారిభామ దిగుతుంది. అది పూత పట్టకముందే, నేల తడిగా ఉండగా వేళ్లతో పీకేయాలి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది.

మీరు దరఖాస్తు చేస్తుంటే స్టైపెండ్‌తో పాటు కాలవ్యవధి కూడా చూడండి. వేసవిలో మొదలై తొలకరికి ముందే ముగిసేదైతే, మీరు కొట్టిన చోట ఏం మొలిచిందో చూడకుండానే వచ్చేస్తారు. కనీసం ఒక వానాకాలం కలిసేలా పొడిగిస్తారా అని ముందే అడగండి. నాకు పొడిగించారు, అదే స్టైపెండ్ మీద.