జంబుల్ ఎవరు చేయాలి?

సంచికకి ఏదో ఒకటి రాయమంటే అందరూ ప్రార్థన, మాస్టార్ల బెత్తం, ఫేర్‌వెల్ రోజు ఏడుపులు రాస్తారని తెలుసు. అవి వేరేవాళ్ళు నాకంటే బాగా రాస్తారు. నేను మన 2010-11 పదో తరగతి బ్యాచ్ రూబిక్స్ క్యూబు పందేల గురించి, అంటే ఆరు రంగుల క్యూబుని తిప్పి తిప్పి ఎవరు ముందు రంగులు కలుపుతారన్న పందేల గురించి రాస్తాను. స్టాప్‌వాచ్ ఉన్న చేతి గడియారం ఆ గుంపులో నాకే ఉండేది కాబట్టి రిఫరీని నేనే, అందుకని ఇది రాసే హక్కు కూడా నాదే అనుకుంటున్నా. పేర్లు మాత్రం రాయను. రాస్తే ఎవరి టైము ఎంత అని వాట్సాప్ గ్రూపులో మళ్ళీ మొదలుపెడతారు, అక్కడ ఇప్పటికే ప్లాట్ల గోల, రాజకీయాల గోల సరిపోయినంత ఉంది.

మొదటి క్యూబు బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద కొన్నది. తెచ్చింది పటమట నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. దసరా సెలవులు అయ్యేసరికి సగం క్లాసు దగ్గర అలాంటివే ఉన్నాయి, ఒక్కటీ సరిగ్గా తిరిగేది కాదు. గట్టిగా తిప్పితే ఒక ముక్క ఎగిరి బెంచీ కింద పడేది, అందరూ వంగి వెతికేవాళ్ళు. చెమట చేతులకి స్టిక్కర్లు లేచిపోయేవి, బెజవాడలో చెమట పట్టని నెల ఏదో మీరే చెప్పండి. నునుపుగా తిరగాలని ఒకడు కొబ్బరి నూనె పోశాడు, రెండ్రోజుల్లో దుమ్మంతా పట్టి జిగురైంది. ఇంకొకడు వాళ్ళమ్మ కుట్టు మిషన్ నూనె పోశాడు. పెట్రోలియంతో చేసిన నూనెలు కొన్ని రకాల ప్లాస్టిక్‌ని దెబ్బతీస్తాయనీ, దీనికి వాడాల్సింది సిలికాన్ అనీ అప్పుడు ఎవరికి తెలుసు?

ఒక వైపు కలిపేస్తే హీరో అనుకునే దశ తొందరగానే పోయింది. ఇంజనీరింగ్ చదివే ఒక అన్నయ్య పుణ్యమా అని ఫార్ములాలు వచ్చాయి, ఏలూరు రోడ్డు నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించిన కాగితాలు జిరాక్సులై క్లాసంతా తిరిగాయి. నడిమి ముక్కలు ఒకదాన్నిబట్టి ఒకటి కదలవు, తెలుపుకి ఎదురు పసుపు, నీలానికి ఎదురు ఆకుపచ్చ, ఎరుపుకి ఎదురు నారింజ. కాబట్టి కలపాల్సింది వైపుని కాదు, లేయర్‌ని, అంటే పక్క రంగులు కూడా కుదిరేలా ఒక వరస మొత్తాన్ని. ఇది తలకెక్కినవాడికి సగం పని అయినట్టే. మిగతాది ఎక్కాలు అప్పజెప్పినట్టు ఆర్, యు, ఆర్ ప్రైమ్, యు ప్రైమ్ అని గొణుక్కోవడం. కుడి వైపు ఒకసారి, పైన ఒకసారి, మళ్ళీ ఆ రెండూ వెనక్కి, అంతే. కలిపి ఉన్న క్యూబు మీద ఆ నాలుగు తిప్పులూ వరసగా ఆరుసార్లు చేస్తే చెదిరిందంతా తిరిగి యథాస్థానానికి వస్తుంది. సత్యనారాయణపురం నుంచి వచ్చే అమ్మాయి ఎనిమిదో తరగతి పిల్లల ముందు కళ్ళు మూసుకుని ఇది చేసి చూపించేది, వాళ్ళు నోరెళ్ళబెట్టి చూసేవాళ్ళు. రహస్యం ఆమె ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నేను చెప్పేశాను.

అసలు మజా పందెంలో కన్నా పందెం ముందూ వెనకా జరిగే తగువుల్లో ఉండేది. మొదటి తగువు జంబుల్ ఎవరు చేయాలన్నది, అంటే పందెం ముందు క్యూబుని చెదరగొట్టేది ఎవరని. స్నేహితుడికి జంబుల్ చేసేవాడు నాలుగు తిప్పులు తిప్పి ఇచ్చేవాడు. గిట్టనివాడికైతే లంచ్ బెల్లు అయిపోయేదాకా తిప్పుతూనే ఉండేవాడు, ఎంత ఎక్కువ తిప్పితే అంత కష్టమని నమ్మకం. విచిత్రం ఏమిటంటే మనం ఈ గొడవ పడిన 2010లోనే, ఏ స్థితిలో ఉన్న క్యూబునైనా 20 తిప్పుల్లోపు కలిపేయవచ్చని గూగుల్ కంప్యూటర్ల సాయంతో నిరూపించారు. 43 పక్కన 18 సున్నాలు పెడితే దాదాపు ఎంతో, క్యూబుకి అన్ని స్థితులున్నాయి, అయినా హద్దు ఇరవయ్యే. కాబట్టి నిమిషంపాటు తిప్పినవాడు తన చెయ్యి నొప్పి పెట్టించుకోవడం తప్ప సాధించిందేమీ లేదు. చివరికి ఆ సత్యనారాయణపురం అమ్మాయే తేల్చింది: తిప్పులు కాగితం మీద రాసి ఇద్దరి క్యూబులూ ఒకేలా జంబుల్ చేయాలి. అధికారిక పోటీల్లోనూ చేసేది దాదాపు ఇదే. తిప్పుల వరస కంప్యూటర్ ఇస్తుంది, తెలుపు పైకి, ఆకుపచ్చ ముందుకి పెట్టుకుని ఒక గ్రూపులో అందరి క్యూబులూ అదే వరసతో చెదరగొడతారు.

రెండో తగువు చూడటం గురించి. క్యూబు చేతికిచ్చాక కొందరు అలా చూస్తూనే ఉండేవాళ్ళు, మొత్తం మనసులో కలిపేసుకుని మొదలుపెడతారేమో అన్నట్టు. నేను పది అంకెలు లెక్కపెట్టి మొదలుపెట్టించేవాణ్ణి. నేను వేగంగా లెక్కపెడుతున్నానని ఒకడు, నెమ్మదిగా లెక్కపెడుతున్నానని ఇంకొకడు. అధికారిక పోటీల నిబంధనలు పెట్టే వరల్డ్ క్యూబ్ అసోసియేషన్ వాళ్ళు దీనికి 15 సెకన్లు ఇస్తారు, 8 దగ్గర ఒకసారి, 12 దగ్గర ఒకసారి జడ్జి కేకేస్తాడు. ఆ సంఘం 2004 నుంచీ ఉంది, మనకి తెలిసుంటే నా మీద పక్షపాతం నింద తప్పేది.

మూడోది అన్నిటికన్నా పెద్దది. పటమటవాడు చివరి తిప్పు పూర్తికాకుండానే "అయిపోయింది" అని అరిచి క్యూబుని బల్ల మీద పడేసేవాడు, చూస్తే పై లేయర్ వంకరగా ఉండేది. అది కలిసినట్టా కాదా? దీని మీద రెండు పార్టీలయ్యాయి, ఒక వారం మాటల్లేవు. నేను అలా వదిలేస్తే రెండు సెకన్లు కలుపుతానని తీర్పిచ్చాను, ఎందుకు రెండంటే నా దగ్గర సమాధానం లేదు. తర్వాతెప్పుడో అసలు నిబంధనలు చదివితే, ఇంకో తిప్పు మిగిలి ఉంటే వాళ్ళూ రెండు సెకన్లే కలుపుతారు. ఈ సంగతి ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నది ఆ రెండో పార్టీ వాళ్ళు చదవాలని.

ఇక క్యూబు ఊడదీసిన ఘనుడి సంగతి. పేరు చెప్పను, ఇప్పుడు గుంటూరులో బ్యాంకు ఉద్యోగం. పటమటవాడి క్యూబుని ముక్కలు ముక్కలుగా ఊడదీసి ఇష్టం వచ్చినట్టు పెట్టేసి ఇచ్చాడు. పాపం వాడు లంచ్ మొత్తం తిప్పాడు, అన్నీ కలుస్తాయి, పై లేయర్‌లో రెండు ముక్కలు మాత్రం తారుమారుగా మిగులుతాయి. మధ్యాహ్నం మొదటి పీరియడ్ లెక్కలు. మాస్టారు క్యూబు లాక్కుంటారనుకున్నాం, ఆయన లాక్కున్నారు కూడా, కానీ బల్లలో పెట్టకుండా కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి చాక్‌పీసు తీశారు. ఒక్క తిప్పుకి నాలుగు మూలలూ, నాలుగు అంచులూ గుండ్రంగా చోటు మారతాయి. నాలుగింటిని అలా జరపడమంటే మూడుసార్లు జతల్ని తారుమారు చేసినట్టు, అంటే బేసి. మూలల్లో బేసి అయినప్పుడల్లా అంచుల్లోనూ బేసి, సరి అయితే రెండూ సరి. కాబట్టి రెండే రెండు ముక్కలు తారుమారు కావడం తిప్పుళ్ళతో జరగదు, "ఎవడో ఊడదీశాడ్రా దీన్ని" అన్నారు. క్లాసంతా ఒక్కసారి గుంటూరు బ్యాంకు వైపు తిరిగింది. ముక్కలు తోచినట్టు బిగిస్తే పన్నెండింటిలో ఒక్క వంతే కలిసే అవకాశమని కూడా ఆయనే చెప్పారు. ఆ రోజు పాఠం ఏదో నాకు గుర్తులేదు, ఈ బేసి-సరి మాత్రం ఈనాటికీ ఎవరికైనా చెప్పగలను.

స్పీడు విషయానికొస్తే, పటమటవాడి వేళ్ళు చూస్తే ఎవరైనా వాడే గెలుస్తాడనుకుంటారు. టకటకా సౌండు, ఆగడం, వెతుక్కోవడం, మళ్ళీ టకటకా. ఆ అమ్మాయి తిప్పుతుంటే సౌండే ఉండేది కాదు, నింపాదిగా, కానీ ఎక్కడా ఆగకుండా. చేతులు ఒక జత ముక్కల్ని పెడుతుంటే కళ్ళు అప్పటికే తర్వాతి జతని వెతుకుతుండేవి. క్యూబర్లు లుక్-అహెడ్ అనేది దీన్నే, ఆమెకి ఆ మాట తెలుసో లేదో. జెస్సికా ఫ్రిడ్రిచ్ పేరుతో ప్రచారమైన పద్ధతిలో చివరి లేయర్‌కే 57 ఫార్ములాలు, ఆ పైన మరో 21. వాడు ఆ 21 బట్టీపట్టే పనిలో పడ్డాడు, ఆమె తనకొచ్చిన కాసినితోనే వాణ్ణి ఓడిస్తూ వచ్చింది. వాడి దగ్గర ఆమె గెలుచుకున్న పునుగుల లెక్క తీస్తే బండివాడికే ఆశ్చర్యమేస్తుంది.

బుడాపెస్ట్‌లో 1982లో జరిగిన మొదటి ప్రపంచ పోటీలో మిన్ థాయ్ 22.95 సెకన్లతో గెలిచాడు. మన అమ్మాయి ఒకరోజు అంతకన్నా తక్కువలో కలిపింది. నా గడియారం, నా బొటనవేలు, ఆ వేళ కరెంటు లేని వరండా, ఇవన్నీ చూసుకుని ఎవరైనా సందేహించవచ్చు, నేను మాత్రం సందేహించను. మనం పదిలో ఉండగానే, 2010 నవంబరులో, ఫెలిక్స్ జెమ్‌డెగ్స్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు 7.03 సెకన్లతో రికార్డు కొట్టాడు. మనం ఇంటర్‌లో చేరిన జూన్ నెలలో దాన్నే 5.66కి దించేశాడు. 1995లో పుట్టాడు, అంటే మనలో చాలామంది ఈడు. 2023లో మ్యాక్స్ పార్క్ 3.13 అన్నాడు, తర్వాత అదీ పోయింది. ఇప్పుడు మా అబ్బాయి ఇవన్నీ వీడియోలు చూసి మన టైములకి నవ్వుతాడు. బీసెంట్ రోడ్డు క్యూబుతో తిప్పి చూపించరా అంటే మాత్రం మాట్లాడడు.

ఈసారి అందరం కలిసినప్పుడు లంచ్ అయ్యాక పందెం ఉంది. ఐదుసార్లు కలపాలి, బాగా వచ్చినదీ ఘోరంగా వచ్చినదీ తీసేసి మధ్య మూడింటికి సగటు, అసలు పోటీల్లో లెక్క అదే, ఒక్కసారి అదృష్టం కలిసొచ్చిందని ఎవరూ ఎగిరిపడకుండా. జంబుల్ ఫోన్ యాప్ ఇస్తుంది. ఊడదీసినాయన క్యూబులకి దూరంగా కూర్చోవాలి. పటమటవాడు లోపల అయస్కాంతాలున్న క్యూబు కొన్నాడట, ముక్కలు వాటంతటవే సర్దుకుంటాయట, అధికారిక పోటీల్లో చెల్లుతుంది కాబట్టి ఇక్కడా చెల్లాలని వాడి వాదన. సత్యనారాయణపురం పార్టీ దీనికి ఒప్పుకోవడం లేదు. రిఫరీ ఇంకా నేనే.