మాస్టారు ఇచ్చిన ఇంటిపని

అక్షరం ఎందుకు అవసరమైందో తెలియకముందే దానితో కూడికలు, తీసివేతలు చేయవలసి రావడమే బీజగణితంపై పిల్లల విముఖతకు మొదటి కారణమని మా లెక్కల మాస్టారు గట్టిగా నమ్మేవారు. నేనూ ఇప్పుడు లెక్కలు చెబుతున్నాను కనుక, ఆ నమ్మకం ఎంత సరైనదో అనుభవంలోకి వచ్చింది. అందుకే ఈ సంచికలో ఆయన పాఠం నడిపిన తీరు గురించే రాస్తున్నాను.

ఎనిమిదో తరగతిలో బీజగణితం మొదలుపెట్టినప్పుడు ఆయన నల్లబల్లమీద ఎక్స్ రాయలేదు. మనసులో ఒక సంఖ్య అనుకుని, దాన్ని రెట్టింపు చేసి, 10 కలిపి, వచ్చినదాన్ని సగం చేసి, అందులోంచి మొదట అనుకున్న సంఖ్యను తీసివేయమన్నారు. అందరికీ 5 వచ్చి ఉంటుందని తానే చెప్పి, కారణం మమ్మల్ని అడిగారు. ఒక్కొక్కరం ఒక్కో సంఖ్యతో చేసి చూపించాం. ఎన్నిటితో చూపినా ప్రతి సంఖ్యకూ ఇలాగే వస్తుందని రుజువు కావడం లేదని మాకే తోచినప్పుడు, ఏ సంఖ్యకు బదులైనా నిలబడగల గుర్తు ఒకటి కావాలని తరగతే కోరింది. తెలియని రాశులు ఒకటికంటే ఎక్కువైనప్పుడు 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు వాటిని కాలకం, నీలకం, పీతకం అంటూ రంగుల పేర్లతో సూచించాడని, ఎక్స్, వై, జెడ్‌లు 1637లో ఫ్రెంచ్ గణితవేత్త డెకార్ట్ రచనలో కనిపిస్తాయని అప్పుడు చెప్పారు. గుర్తును ఎంచుకునే స్వేచ్ఛ మనదేనని తెలిశాక ఆ అక్షరాల పట్ల బెరుకు పోయింది. చివరికి 7 మిగిలేలా అటువంటి ప్రశ్ననే కొత్తగా తయారుచేసుకుని రావడం ఆనాటి ఇంటిపని.

ఎ, బిల మొత్తాన్ని వర్గం చేయమంటే రెండింటి వర్గాలనూ విడివిడిగా రాసి కలిపేయడం ప్రతి తరగతిలోనూ జరిగేదే. సూత్రం చెప్పి దిద్దడానికి బదులు ఆయన 3, 4లతో సరిచూడమనేవారు. 7 వర్గం 49, విడి వర్గాల మొత్తం 25 కాగా, తగ్గిన 24 ఎక్కడుందో చతురస్రం గీసి వెతకమనేవారు. మూడు నిలువు, నాలుగు అడ్డం ఉన్న దీర్ఘచతురస్రాలు రెండు అందులో కనిపించాక ఆ సూత్రాన్ని వల్లెవేయవలసిన పని లేకపోయింది. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పది రెట్లు కలిపితే 39 అవుతుందన్న సమస్యను తొమ్మిదో శతాబ్దంలో గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ సాధించినదీ ఇటువంటి బొమ్మతోనే. ఆ సంఖ్య భుజంగా గీసిన చతురస్రానికి ఆనుకుని ఉన్న రెండు పక్కలా, పదిలో సగమైన 5 వెడల్పున దీర్ఘచతురస్రాలు చేర్చితే వైశాల్యం 39; ఖాళీగా మిగిలిన మూలను 25తో పూరిస్తే మొత్తం 64, భుజం 8, అందులోంచి 5 తీసేస్తే కావలసిన సంఖ్య 3.

ఇంటిపని ఐదారు లెక్కలకు మించేది కాదు. అభ్యాసం అక్కర్లేదని ఆయన ఎన్నడూ అనలేదు. అయితే, తప్పు పద్ధతిలో ఇంటి దగ్గర ముప్పై లెక్కలు చేస్తే ఆ తప్పే స్థిరపడుతుందని, కారణాంక విభజన వంటి వాటిని తరగతిలోనే తన కళ్లముందు చేయించేవారు. ఇంటికిచ్చే వాటిలో ఒకటి తప్పుగా సాధించిన లెక్క. ఎక్స్‌కు 3 కలిపి రెట్టింపు చేస్తే 14 అన్న సమీకరణాన్ని 2ఎక్స్ + 3 = 14 అని రాసి సాధిస్తే, దోషం ఏ మెట్టులో ఉందో గుర్తించి, అది ఎందుకు దోషమో పూర్తి వాక్యంలో రాయాలి. పక్షం మారితే గుర్తు మారుతుందని రాస్తే ఒప్పుకునేవారు కారు. రెండు వైపులా ఏమి చేశామో చెప్పి తీరాలి. ఇతరుల దోషాన్ని వెతికే ఆ పని మాకు ఎంత ఇష్టమయ్యేదంటే, మిగిలిన లెక్కలకంటే ముందు దానినే అందుకునేవాళ్లం.

నేటి ఉపాధ్యాయులు తప్పక ప్రయత్నించాలని నేను కోరేది ఆయన ఇచ్చిన మరొక ఇంటిపని. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనూ, 41నీ కలిపితే వచ్చేది ఎప్పుడూ ప్రధాన సంఖ్యేనా? 0 నుంచి 39 వరకు తరగతికంతా పంచితే ప్రతి ఒక్కరికీ ప్రధాన సంఖ్యే వచ్చింది. నియమం దొరికిందని అందరం నమ్మాం. అప్పుడాయన 40ని హెచ్చవేత చేయకుండా కేవలం చూసి చెప్పమన్నారు. సంఖ్య వర్గానికి ఆ సంఖ్యను కలపడమంటే దాన్ని తర్వాతి సంఖ్యతో గుణించడమే కనుక అది 40 సార్లు 41, దానికి మరో 41 కలిస్తే 41 సార్లు 41 అవుతుందని వెనుక వరుసలోని అమ్మాయి లేచి చెప్పింది.