అద్దం మీద పొత్రం

ఆదివారం, కోరాపుట్

రాత్రంతా కుండపోత. లేస్తూనే పెరట్లోకి పరిగెత్తాను. అనుకున్నంతా అయింది. మొక్కల మీద వాన పడకుండా ఇటుకల మీద పెట్టిన పాత కిటికీ అద్దం పక్కకి జారిపోయి ఉంది. పగల్లేదు, అదొక్కటే అదృష్టం. మూడు మాస్ క్యాంపియన్ మొక్కల్లో ఒకటి నడుమ నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా దిగిపోయింది.

తొమ్మిది నెలల మొక్క. సైజు రూపాయి బిళ్ళంత. మే నెల ఎండల్లో నీడకి మార్చి మార్చి ఎలాగో గట్టెక్కించాను.

నిరుడు విత్తనాలని తడి ఇసుకలో కలిపి ఆరు వారాలు ఫ్రిజ్‌లో దాచాను. చలి తగిలితేనే బాగా మొలుస్తాయి. అమ్మ డబ్బా మూత తీసి, "ఫ్రిజ్‌లో మట్టేట్రా!" అని ఒకటే గోల.

ఆల్ప్స్ కొండల్లో, ఆర్కిటిక్‌లో పెరిగే మొక్క. చిన్న చిన్న కొమ్మలన్నీ ఒత్తుకుని, దిండులా నేలని కరుచుకుని ఉంటుంది. ఆ గుబురులోకి గాలి దూరదు, అందుకే ఎండ కాస్తే లోపల బయటికంటే వెచ్చగా ఉంటుంది. గులాబీ రంగు పూలు దక్షిణం వైపు ముందు విచ్చుకుంటాయట. నాకు ఇంతవరకు ఒక్క మొగ్గ కూడా కనబడలేదు.

మన కోరాపుట్ చలి దానికి లెక్కే కాదు. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి కొండ 1672 మీటర్లు, దాని మీదే హిమం కురవదు. ఈ మొక్క భయమంతా నిలవనీటికి, ఉక్కకి. అందుకే మూడు వంతులు క్రషర్ రాతి చిప్స్, ఒక వంతు మట్టి కలిపాను. మొదలు చుట్టూ కూడా చిప్సే పరిచాను. అమ్మకి ఇది బొత్తిగా నచ్చదు. "రాళ్ళల్లో పాతేసి నీళ్ళు కూడా పొయ్యవు, పాపం కాదేట్రా?" అంటుంది. నేను స్కూలుకి వెళ్ళాక చెంబుతో పోసేస్తుంది. అడిగితే "నాకేటి పని" అంటుంది. చిప్స్ మధ్య మాత్రం రెండు బియ్యం గింజలు కనిపిస్తాయి. కడుగు నీళ్ళు!

కుళ్ళినదాన్ని మెల్లగా పీకాను. రూపాయి బిళ్ళంత మొక్కకి జానెడు వేరు. చివర ఇంకా తెల్లగానే ఉంది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇంత వేరుందేట్రా దీనికి?" అంది. ఇంకేం మాట్లాడలేదు.

మధ్యాహ్నం మళ్ళీ ముసురు పట్టింది. వెళ్ళి చూస్తే అద్దం సరిగ్గా కప్పి ఉంది, దాని మీద మా పొత్రం. మరి రేపు పచ్చడో అంటే, "మిక్సీ లేదేటి?" అంది.