సిర్ర: మొకం లేని కవర్ పేజీతో నా ప్రాజెక్ట్ అనుభవం

మాస్ కమ్యూనికేషన్‌లో మాకిచ్చిన ప్రాజెక్ట్ ఏంటంటే ఒక మ్యూజిక్ మ్యాగజైన్ మొత్తం మనమే చెయ్యాలి, రాయడం ఫొటోలు లేఅవుట్ ప్రింట్ అన్నీ, చివర్లో ఏ కన్వెన్షన్ (మ్యాగజైన్లన్నీ పాటించే అలవాటు) ఫాలో అయ్యావు ఏది బ్రేక్ చేశావు అని రిపోర్ట్ కూడా. క్లాసులో అందరూ ఇంగ్లీష్‌లో ఇండీ బ్యాండ్లు, ర్యాప్ అని మొదలెట్టారు, నేనేమో తెలుగులో, అదీ డప్పు మీద చేస్తా అన్నా. పేరు 'సిర్ర'. డప్పు కొట్టే రెండు పుల్లల్లో లావుది సిర్ర, సన్నది సిటికెన పుల్ల.

మ్యూజిక్ మ్యాగజైన్ కవర్‌కి ఒక లెక్కుంటుంది. పైన పెద్దగా పేరు, మధ్యలో ఒక్క స్టార్ నడుం దాకా, కళ్ళు సూటిగా మనవైపే, ఎడమ పక్క కవర్ లైన్లు, అంటే లోపలేముందో చెప్పే చిన్న హెడ్డింగులు (షాపులో ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఆ పట్టీ ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి). రోలింగ్ స్టోన్ అనే అమెరికా మ్యూజిక్ మ్యాగజైన్ వాళ్ళు స్టార్ తలని పేరు మీదకి ఎక్కించేస్తారు, ఆ పత్రిక 1967 నుంచి వస్తోంది, సగం అక్షరాలు దాగినా జనం గుర్తుపడతారు. నేనూ అలాగే డప్పు ఫొటోని పేరు మీదకి తోశా. వత్తు దాని వెనక్కి పోయింది, 'సిర్ర' కాస్తా 'సిర' అయ్యి డాక్టర్ల పత్రికలా తయారైంది.

ఇంకోటి, ఇంగ్లీష్‌కి క్యాపిటల్స్ ఉన్నాయి, అన్నీ ఒకే ఎత్తులో ఇటుకల్లా నిలబడతాయి. మనకి గుడి పైకి పోతుంది, వత్తు కిందకి దిగుతుంది. మూడు రోజులు ఆ వత్తుని ఎక్కడ ఇరికించాలా అని తల కొట్టుకున్నా, చివరికి విసుగొచ్చి వదిలేస్తే అది కిందకి దిగి ఫొటోలో డప్పు అంచుకి తగిలింది, అచ్చం పుల్లతో కొట్టినట్టే. రిపోర్ట్‌లో మాత్రం ఇదంతా ముందే ప్లాన్ చేశానని రాశాలెండి.

ఫాంట్ల గోల వేరే. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పేస్ట్ చేస్తే వత్తులన్నీ ఊడిపోయి వచ్చాయి, ఒక రాత్రంతా పోయింది, తర్వాత తెలిసింది వరల్డ్ రెడీ కంపోజర్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే చాలని. డీటీపీ అన్న "అను ఫాంట్స్‌లో కొట్టుకో తమ్ముడూ, గొడవుండదు" అన్నాడు గానీ అది యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా చదివే అక్షరాల కోడ్) కాదు, బయటికి కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. డ్రాప్ క్యాప్ (మొదటి అక్షరం రెండు మూడు లైన్ల ఎత్తున) పెడదామంటే నా మొదటి మాట 'స్కూల్లో', ఆ క వత్తు కింది లైన్ల మీద కూర్చుంది. ఇక వాక్యమే మార్చి 'ఊరి చివర' అని మొదలెట్టా.

కావాలని బ్రేక్ చేసిన వాటిలో ఒకటి మాత్రం బోల్తా కొట్టింది. రే గన్ అనే మ్యాగజైన్‌కి డేవిడ్ కార్సన్ అని డిజైనర్ ఉండేవాడు, 1994లో ఒక ఇంటర్వ్యూ బోర్ కొట్టిందని దాన్ని మొత్తం డింగ్‌బ్యాట్స్‌లో, అంటే అక్షరాల బదులు బొమ్మ గుర్తులుండే ఫాంట్‌లో వేసేశాడు. అది చదివి నాకూ ఊపొచ్చి దరువుల పేజీలో లైన్ మీద లైన్ ఎక్కించా. పై లైన్ వత్తులు, కింది లైన్ గుడులు కలిసిపోయి ఒకటే మరక. మా అమ్మ ప్రింట్ చూసి "ఇంకు కారిందారా?" అంది. తీసేశా.

పది పేజీల ఫైల్ పట్టుకుని ప్రెస్‌కి వెళ్తే అక్కడి అన్న నవ్వి, సెంటర్ పిన్ కొట్టాలంటే ఎనిమిదో పన్నెండో ఉండాలి, నాలుగు నాలుగుగానే పెరగాలి అన్నాడు. ఎనిమిదికి కుదించా. మంచి పనే అయింది, నాలుగు, ఐదు పేజీలు ఒకే షీట్ కదా, డప్పు కొట్టే తాత ఫొటో రెండు పేజీల మీద పరిచినా మధ్యలో తేడా రాలేదు. కవర్ ఫొటోలో డప్పు వెనకున్న మంట మాత్రం స్క్రీన్‌లో భగభగలాడింది, కాగితం మీద ఇటుక రంగుకి వచ్చింది, స్క్రీన్‌కి వాడే రంగుల పద్ధతి ఆర్‌జీబీలో వదిలేశా మరి. బార్‌కోడ్ బిస్కెట్ ప్యాకెట్ మీది స్కాన్ చేసి పెట్టా. వైవాలో సార్ అది చూసి "పత్రికలకి 977తో మొదలవుతుంది, నీది 890, ఇది తినే మ్యాగజైనా?" అన్నారు.

మార్కులు బాగానే వచ్చాయి, ముఖ్యంగా కవర్‌కి. అందులో మనిషే లేడు, మంట ముందు కాగుతున్న డప్పు, పట్టుకున్న రెండు చేతులు, అంతే. తోలు బిగుసుకోవడానికి కొట్టేముందు అలా కాస్తారు. స్టార్ ఉండాలనే రూల్‌ని బ్రేక్ చేశానని నాకు భలే గర్వం.

ఆదివారం ఊరెళ్ళి ఆ చేతుల తాతకి ఒక కాపీ ఇచ్చా. కవర్ అటూ ఇటూ తిప్పి చూసిండు. "డప్పు నాదే. నా మొకమేది బిడ్డా?"

లోపలుంది తాతా అని పిన్ దగ్గర తెరిచి చూపించా. ఆ పేజీ పైకొచ్చేటట్టు పుస్తకాన్ని వెనక్కి మడిచి, కవర్ లోపలికి పెట్టేసి, చంకలో పెట్టుకున్నాడు.